కడప రోడ్లకు డిస్క్ బ్రేకు సైకిలే కావాలా?

కడప తమ్ముడొకడు అడిగిన ప్రశ్న ఇది. అతని దగ్గర రిమ్ బ్రేకులున్న, అంటే రబ్బరు ముక్కలు చక్రం అంచును (రిమ్మును) అదిమి ఆపే, పాత అల్యూమినియం రోడ్ సైకిల్ ఉంది. అతని బరువు 82 కిలోలు. ఆదివారాలు ఒంటిమిట్ట వైపు, వీలైతే జమ్మలమడుగు మీదుగా గండికోట దాకా వెళ్తుంటాడు. ఇప్పుడు రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ కూడా మొదలుపెట్టాలని ఉంది. తోటివాళ్లేమో "డిస్క్ బ్రేకులు లేకుండా ఘాట్ దిగితే ప్రాణం మీదికొస్తుంది, ఉన్నది అమ్మేసి కొత్తది కొను" అంటున్నారట. డిస్క్ బ్రేకంటే చక్రం మధ్యలో ఉండే రోటర్ అనే పలుచటి పళ్లేన్ని ప్యాడ్లు అదిమి ఆపేది. అమ్మాలా, వద్దా?

తమ్ముడూ, ఆ ఒక్క కారణం మీద అయితే అమ్మొద్దు. నీ సైకిల్ బ్రేకులు సరిగ్గా ఉంటే గువ్వలచెరువు ఘాట్‌కు అవి చాలు. అవి సరిగ్గా ఉన్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. మన దగ్గర నేను చూసే రిమ్ బ్రేకు సైకిళ్లలో సగానికి సగం సరిగ్గా ఉండవు. రబ్బర్లు ఎండిపోయి కట్టెల్లా ఉంటాయి, వైర్లు దుమ్ము పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. అలాంటి సైకిల్ దిగి కొత్త డిస్క్ సైకిల్ ఎక్కినవాడికి స్వర్గంలా ఉంటుంది మరి. ఆ తేడాలో ఎక్కువ భాగం పాతదాన్ని పట్టించుకోకపోవడం వల్ల వచ్చిందే.

బ్రేకు ఎంత గట్టిదైనా సైకిల్‌ను చివరికి ఆపేది టైరు. టైరుకు రోడ్డు మీద ఎంత పట్టుందో అంతకు మించి ఏ బ్రేకూ ఆపలేదు. పొడి తారు రోడ్డు మీద ఆ పట్టు కూడా పూర్తిగా వాడుకోలేం. ముందు బ్రేకు గట్టిగా పట్టేకొద్దీ బరువంతా ముందుకు ఒరుగుతుంది, ఒక దశలో వెనక చక్రం లేస్తుంది. రోడ్ సైకిల్ మీద కూర్చునే తీరుకు ఆ హద్దు, అంటే వేగం తగ్గగలిగే రేటు, భూమ్యాకర్షణలో సగం, లేదా అంతకు కాస్త ఎక్కువ దగ్గర వస్తుంది. మంచి రబ్బర్లున్న రెండు పివట్ల కాలిపర్ (రిమ్మును రెండు వైపులా పట్టే బ్రేకు చేతులు) రెండు వేళ్లతోనే ఆ హద్దు దాకా తీసుకెళ్తుంది. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ ఒక వేలితో తీసుకెళ్తుంది. హద్దు మాత్రం రెండిటికీ ఒకటే. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ హద్దు దగ్గర బ్రేకు పట్టుకుంటే సుమారు 7 మీటర్లలో ఆగుతావు. అదే వేగంలో ఒక్క సెకను ఆలస్యంగా పడితే, బ్రేకు పట్టకముందే 8 మీటర్లు పోయినట్టే. అప్సర సర్కిల్ దగ్గర ఆటో అడ్డం తిరిగినప్పుడు నిన్ను కాపాడేది లివర్ల మీద సిద్ధంగా ఉన్న వేళ్లే.

మరి డిస్క్ ఎక్కడ నిజంగా మేలు? తడిలో. ఈ విషయంలో వాదనే అక్కర్లేదు. రిమ్ము తడిస్తే రబ్బరు ముందు ఆ నీటిని తుడవాలి, తర్వాతే పట్టు వస్తుంది. 30 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు నాలుగు సార్లు తిరుగుతుంది. ఆ తుడిచే ఒకటి రెండు చుట్లలో లివర్ నొక్కుతున్నా ఏమీ జరగనట్టు ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటుంది. ఆ ఖాళీ క్షణంలో మనిషి కంగారుపడి ఇంకా గట్టిగా నొక్కుతాడు. పడేది అప్పుడే. డిస్క్‌లో రోటర్ నేలకు దూరంగా ఉంటుంది, ప్యాడ్లు దాన్ని గట్టిగా అదుముతాయి, రోటర్‌కు ఉన్న రంధ్రాలు నీటిని తోసేస్తాయి. అందుకే తడిసినా అదే తీరుగా పడుతుంది. మంగళూరులోనో మున్నారులోనో ఉండి నువ్వు ఈ ప్రశ్న అడిగి ఉంటే డిస్క్ కొనమని ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి.

మనది కడప. ఏడాదిలో చాలా రోజులు రోడ్లు పొడిగానే ఉంటాయి. వర్షం పడ్డప్పుడు మన రోడ్ల ఇబ్బంది వేరే రకం. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు లారీలు, బండల లారీలు తిరిగే దారుల్లో నెలల తరబడి పేరుకున్న పొడి మొదటి చినుకులకే జిగట బురదవుతుంది. దాని మీద టైరుకే పట్టుండదు. రిమ్ బ్రేకు ఆలస్యంగా పడుతుంది నిజమే, కానీ అలవాటు లేని చేతిలో డిస్క్ చక్రాన్ని చటుక్కున లాక్ చేసేస్తుంది. ముందు చక్రం లాక్ అయిందంటే నేల మీద ఉన్నట్టే. ఆ మొదటి వానలో ఏ బ్రేకు ఉన్నా వేగం తగ్గించి, ముందుగానే మెల్లగా పట్టడం తప్ప వేరే దారి లేదు.

ఇక ఘాట్. నీ భయమంతా దాని మీదే కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. నువ్వు, సైకిల్, నీళ్ల బాటిళ్లు కలిపి 95 కిలోలు అనుకుందాం. 50 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 9 కిలోజౌళ్లు. అదే 100 మీటర్ల ఎత్తు దిగుతూ వేగం పెరగకుండా పూర్తిగా బ్రేకుతోనే పట్టుకుంటే 93 కిలోజౌళ్లు. అంటే పది ఎమర్జెన్సీ బ్రేకులు వరసగా వేసినంత వేడి. ఇందులో గాలి మనకు సాయం చేస్తుంది. వేగంగా పోయేటప్పుడు గాలి తోపుడు చాలా శక్తిని లాగేస్తుంది, 20 కిలోమీటర్ల వేగంలో దాదాపు ఏమీ లాగదు. అందుకే భయపడుతూ మొదటి నుంచి చివరి దాకా బ్రేకు నొక్కి పట్టుకుని మెల్లగా దిగేవాడి బ్రేకులే అందరికన్నా ఎక్కువ కాలతాయి. తిన్నటి దారిలో కాస్త వదిలి, నడుం నిటారుగా పెట్టి ఛాతీకి గాలి తగలనిచ్చి, మలుపుకు ముందు రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి, మలుపులోకి వచ్చేలోపు వదిలేసేవాడి బ్రేకులకు మధ్యలో చల్లబడే సమయం దొరుకుతుంది.

ఆ వేడి ఎక్కడికి పోతుందన్నది కూడా చూడాలి. రిమ్ బ్రేకులో రిమ్మే డిస్కు. అల్యూమినియం రిమ్ము పెద్దది, గాలికి త్వరగా చల్లారుతుంది, ఆ విషయంలో అది మంచి డిస్కే. చిక్కేమిటంటే టైరూ ట్యూబూ దానికే అంటుకుని ఉంటాయి. మన ఎండల్లో 42 డిగ్రీల్లో రోడ్డే సెగలు కక్కుతుంటుంది, దాని మీద బ్రేకు వేడి కలిస్తే ట్యూబులో గాలి ఒత్తిడి పెరుగుతుంది. రిమ్ము లోపల ఉండే పలుచటి ప్లాస్టిక్ పట్టీ మెత్తబడి, స్పోకు రంధ్రాల్లోకి ఉబ్బి, ట్యూబు అక్కడే పేలుతుంది. ఘాట్ అనుకుంటున్నావు కాబట్టి టైరు విప్పి ఆ పట్టీ చూడు. ప్లాస్టిక్‌ది అయితే తీసేసి గుడ్డ టేపు వేయించు. చాలా చిన్న ఖర్చు, ఎవరూ పట్టించుకోని పని.

కార్బన్ రిమ్ములు ఉంటే నా జవాబు వేరే. కార్బన్ వేడిని త్వరగా వదలదు. లాంగ్ బ్రేకింగ్‌లో రిమ్ము అంచు మెత్తబడి విచ్చుకుపోయే ప్రమాదం ఉంది. కార్బన్ రిమ్ము మీద రబ్బరు బ్రేకుతో మే నెలలో ఘాట్ దిగొద్దని ఎవరికైనా చెప్తాను. నీవి అల్యూమినియంవి, ఆ టెన్షన్ లేదు.

వేడి రోడ్డు ఏం చేస్తుందో 2003 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసులో లోకమంతా చూసింది. గాప్ ఊరికి దిగే దారిలో ఎండకు తారు కరిగింది. ముందు వరసలో ఉన్న హోసేబా బెలోకి వెనక చక్రం జారి, జిగురుతో అంటించిన టైరు రిమ్ము నుంచి ఊడి, తొడ ఎముక విరిగింది. అక్కడ బ్రేకు బలం తక్కువై కాదు. టైరుకు, రోడ్డుకు మధ్య ఉన్న సంబంధం తెగింది. మధ్యాహ్నం పూట మన తారు రోడ్ల మీద నల్లగా మెరిసే మరకలు కనిపిస్తే వాటి మీద బ్రేకు వేయొద్దు, వంగొద్దు.

డిస్క్ వేడెక్కదా అంటే, బాగా ఎక్కుతుంది. రోటర్ చిన్నది, పలుచన. కొత్తప్పుడే 1.8 మిల్లీమీటర్ల మందం. అందుకే చటుక్కున కాలుతుంది, చటుక్కున చల్లారుతుంది. ఆ వేడి టైరు దాకా రాదు, అది పెద్ద మేలు. అయితే వదలకుండా నొక్కి పట్టుకుని దిగితే రెసిన్ ప్యాడ్ పైపొర గాజులా నునుపెక్కి పట్టు పోతుంది. స్టీలు రోటర్ నీలం రంగుకు తిరిగిందంటే బాగా కాలిందని అర్థం. నీ బరువుకు ముందు చక్రానికి 140 కాదు, 160 మిల్లీమీటర్ల రోటర్ ఉండాలి.

"ప్రొఫెషనల్స్ అందరూ డిస్కే కదా" అన్న మాట కూడా వింటూ ఉంటావు. వాళ్లంతా ఒక్క రోజులో మారలేదు. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ 2015లో ప్రయోగాలు మొదలుపెట్టింది. 2016 పారిస్-రూబే రేసులో తన కాలికి డిస్క్ తగిలి కోసుకుపోయిందని ఫ్రాన్ వెంతోసో అనే రేసర్ అనడంతో ఆపింది, 2017లో మళ్లీ అనుమతించింది. ఆ ఏడాదే మార్సెల్ కిట్టెల్ డిస్క్ బ్రేకులతో టూర్‌లో ఒక స్టేజీ (ఒక రోజు రేసు) గెలిచాడు. పూర్తి అనుమతి 2018 జులైలో వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు, 2020లో, తదేయ్ పొగాచర్ ఆల్ప్స్ కొండలు రిమ్ బ్రేకులతో దిగి టూర్ గెలిచాడు. ఈ రోజు దాదాపు అందరూ డిస్కే వాడుతున్నారు, కానీ రిమ్ బ్రేకుతో కొండ దిగడం ఆత్మహత్య అన్న మాట నిజం కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే సంగతికి వస్తాను. డిస్క్ సైకిల్ వల్ల కడపవాళ్లకు వచ్చే పెద్ద లాభం బ్రేకులో లేదు, టైరులో ఉంది. రిమ్ బ్రేకు కాలిపర్ టైరు మీదుగా వంగి రావాలి కాబట్టి పాత సైకిళ్లలో 25, మహా అయితే 28 మిల్లీమీటర్ల టైరు పడుతుంది. డిస్క్ వచ్చాక ఆ అడ్డు పోయింది. ఈ మధ్య డిస్క్ ఫ్రేముల్లో 32 మామూలే. మన రోడ్ల అంచులు నీకు తెలుసు. లారీ హారన్ కొడితే తారు దిగి మట్టిలోకి పోవాలి, ఆ మట్టిలో కంప ముళ్లు, పల్లేరు కాయలు. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది, సన్న టైరులోకి తేలిగ్గా దిగుతుంది. నీ బరువుకు 25 టైరులో 90 నుంచి 100 పీఎస్ఐ కొట్టాలి. రాయిలా గట్టిపడిన ఆ టైరు గతుకుల మీద ఎగురుతుంది. ఎగిరిన టైరుకు రోడ్డు పట్టుండదు, పట్టు లేనప్పుడు ఏ బ్రేకైనా ఒకటే. 32 టైరులో 65 దగ్గర పెట్టుకోవచ్చు. నేలను అంటిపెట్టుకుని పోతుంది, అదే బ్రేకుతో ఇంకా నిబ్బరంగా ఆగుతుంది. ముళ్లను ఆపే మందపాటి పొర ఉన్న టైర్లు, సీలంట్ (రంధ్రాన్ని మూసే ద్రవం) పోసే ట్యూబ్‌లెస్ టైర్లు కూడా ఈ సైజుల్లోనే బాగా దొరుకుతాయి.

కాబట్టి ముందు నీ సైకిల్‌కు 28 పడుతుందేమో చూడు. కాలిపర్ కింద, వెనక ఫ్రేము అడ్డపట్టీ కింద, ఫోర్కు కింద, మూడు చోట్లా టైరు ఎక్కాక నాలుగు మిల్లీమీటర్ల సందైనా మిగలాలి. పడితే మంచి 28 టైర్ల జత వేయించు. దీనివల్ల వచ్చే తేడా చూసి ఆశ్చర్యపోతావు.

తర్వాత బ్రేకులు. రబ్బర్లు మంచి కంపెనీవి కొత్తవి వేయించు. అల్యూమినియం రిమ్ముకు చేసినవే కావాలి, కార్బన్ రబ్బర్లు వద్దు. పాత రబ్బరు తీసినప్పుడు వెలుతురులో తిప్పి చూడు, వెండి రవ్వల్లా మెరిసే ముక్కలు గుచ్చుకుని ఉంటాయి. అవి నీ రిమ్ము నుంచే లేచిన అల్యూమినియం. ఇసుక రేణువులు కూడా అలాగే దిగబడతాయి. బ్రేకు వేసినప్పుడు కర్రుమని గీకుతున్న శబ్దం వస్తే కారణం ఇవే. నెలకోసారి పిన్నీసుతో పీకేసి, రిమ్మును తడిగుడ్డతో తుడిస్తే రబ్బరూ రిమ్మూ రెండూ ఎక్కువ కాలం వస్తాయి.

వైర్లు, వాటి పై గొట్టాలు రెండూ మార్పించు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. బ్రేకు గొట్టం వేరు, గేరు గొట్టం వేరు. బ్రేకుదానిలో ఇనుప తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, గేరుదానిలో తీగలు నిలువుగా ఉంటాయి. బ్రేకుకు గేరు గొట్టం వేస్తే గట్టిగా పట్టినప్పుడు అది చీలిపోయి బ్రేకే లేకుండా పోవచ్చు. గేరు సైకిళ్లు తక్కువగా చూసే షాపుల్లో ఈ పొరపాటు జరుగుతుంది, కాబట్టి దగ్గరుండి కోసిన కొస చూసి వేయించుకో. టైర్లు కాకుండా ఈ పనంతా రెండు మూడు వేలల్లో అయిపోతుంది.

ఇదంతా చేశాక కూడా కొత్త సైకిల్ కొనాలని ఉంటే కొను, ఆ కోరికలో తప్పేం లేదు. కొంటే డిస్క్‌దే కొను. కంపెనీలు అటే వెళ్లిపోయాయి. గేర్లు, బ్రేకులు చేసే షిమానో కంపెనీ 105 పన్నెండు స్పీడ్‌ల సెట్లో రిమ్ బ్రేకే లేదు. ముందు ముందు మంచి రిమ్ బ్రేకు చక్రాలు వెతుక్కోవాల్సి వస్తుంది. అయితే ఏ డిస్క్ అన్నది ముఖ్యం. తక్కువ ధర సైకిళ్లకు వేసే మెకానికల్ (వైరుతో లాగే) డిస్కుల్లో చాలా వాటికి ఒక వైపు ప్యాడే కదులుతుంది. అది రోటర్‌ను వంచి రెండో ప్యాడ్‌కు ఆనిస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ రెండు వైపులా చేత్తో సర్దుతూ ఉండాలి. అలాంటి డిస్క్ కన్నా మంచి రిమ్ బ్రేకే మేలని గట్టిగా చెప్తాను. రెండు ప్యాడ్లూ కదిలే మెకానికల్ డిస్క్ పర్వాలేదు. హైడ్రాలిక్ అయితే అరుగుదలను అదే సర్దుకుంటుంది, వేలితో మీటితే చాలు. చేతులు చిన్నగా ఉన్నవాళ్లకు, 300 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోపు పూర్తిచేయాల్సిన దూర ప్రయాణాలు) చేసి చివరికి వేళ్లు మొద్దుబారేవాళ్లకు అది నిజంగా వరం.

హైడ్రాలిక్ తీసుకుంటే దాని పని నువ్వే నేర్చుకోవాలి. మన ఊళ్లో వీధి చివర సైకిల్ మేస్త్రి రిమ్ బ్రేకును పది నిమిషాల్లో సరిచేస్తాడు. గొట్టాల్లో గాలి చేరి లివర్ స్పంజిలా మెత్తబడితే మాత్రం బ్లీడింగ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి తీయాలి, దానికి కిట్టు, సరైన ఆయిల్ ఉండాలి. షిమానోకు మినరల్ ఆయిల్, ఇంకో కంపెనీ శ్రామ్ వాటిలో చాలా వాటికి డాట్ ఆయిల్. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడైపోతాయి. బైకు మెకానిక్ దగ్గర ఉన్న బ్రేక్ ఆయిల్ డాట్‌దే, అది షిమానోలో పోయనివ్వొద్దు. ఇవన్నీ ఇంట్లో చేసుకోలేనంటే ప్రతిసారీ బెంగళూరు వైపు చూడాల్సి వస్తుంది.

ఇంకొకటి. డిస్క్ సైకిల్‌ను వాటర్ సర్వీసుకు ఎప్పుడూ ఇవ్వొద్దు. మన దగ్గర బండి కడిగాక మెరుపు కోసం డీజిలో, పాత ఆయిలో పిచికారీ చేస్తారు. ఆ తుంపర ఒక్కటి రోటర్ మీద పడితే చాలు, ప్యాడ్లు పీల్చుకుని బ్రేకు కీచుమని అరుస్తుంది గానీ ఆగదు. రోటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చు, ఆయిల్ తాగిన ప్యాడ్లు మాత్రం పారేయాల్సిందే. చైనుకు ఆయిల్ వేసేటప్పుడు కూడా స్ప్రే వాడకుండా చుక్కలుగా వేయి. బస్సు డిక్కీలో వేసుకుని పోవాలని చక్రాలు తీస్తే, ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టు. లేకుంటే లివర్ ఒత్తుకుపోయి ప్యాడ్లను తోసే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి, తిరిగి చక్రం ఎక్కదు.

నీ పాత సైకిల్‌కే డిస్క్ బిగించవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. వద్దు. ఆన్‌లైన్‌లో అమ్మే క్లాంపులు ఫోర్కుకు బిగిస్తారు, కానీ ఆ ఫోర్కు కాలు ఆ బరువు తట్టుకునేలా చేసింది కాదు. వెనక చక్రం ఇరుసు కొలతలు కూడా వేరు.

ఘాట్‌కు వెళ్లే రోజు సంగతి. పొద్దున్నే బయల్దేరి ఎండ ముదరకముందే దిగేలా చూసుకో, చీకట్లో వద్దే వద్దు. తిరుగు ప్రయాణంలో గువ్వలచెరువులో పాలకోవకు ఆగినప్పుడు రెండు బ్రేకులూ ఒకసారి నొక్కి చూడు, రబ్బర్లు రిమ్ము మధ్యలోనే ఆనుతున్నాయా, టైరుకు తగులుతున్నాయా చూడు. దిగేటప్పుడు చేతులు కింది హ్యాండిల్ వంపులో పెట్టు. పైన పట్టుకుని నొక్కితే లివర్‌కు అంత బలం అందదు, రిమ్ బ్రేకులో ఈ తేడా బాగా తెలుస్తుంది. ముందు బ్రేకు ఏ చేతికి ఉందో చూసుకో. మన దగ్గర మామూలుగా కుడి చేతికి ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌గా బయటి నుంచి వచ్చిన వాటిలో ఎడమకు ఉండొచ్చు. లారీ వెనకాల అంటిపెట్టుకుని దిగొద్దు. లారీ బ్రేకులు కాలిన వాసన వస్తే పక్కకు ఆగి దాన్ని వెళ్లిపోనివ్వు. నీ వెనక నుంచి ఆ వాసన, ఎడతెగని హారన్ వస్తే వెంటనే రోడ్డు దిగిపో.

ఇవన్నీ చేసే ముందు ఈ పొద్దే ఒక పని చెయ్యి. బొటనవేలితో రిమ్ము పక్కన, రబ్బరు తగిలే చోట నిమిరి చూడు. చదునుగా ఉంటే సరే. లోపలికి గుంటపడి ఉంటే అరిగిపోయింది. చాలా రిమ్ములకు అక్కడే అరుగుదల గుర్తుగా చిన్న చుక్కలాంటి గుంటో, సన్నటి గీతో ఉంటుంది, అది కనపడకుండా పోయిందంటే రిమ్ము పని అయిపోయినట్టే. పలచబడిన గోడ టైరు ఒత్తిడికి ఎప్పుడైనా విచ్చుకోవచ్చు, అది ఘాట్ మధ్యలో జరిగితే చేయగలిగిందేమీ లేదు. రిమ్ము అలా ఉంటే ఆ చక్రంతో ఘాట్ మాట ఎత్తొద్దు. అప్పుడు కొత్త చక్రాల జత ఎంతవుతుందో కనుక్కో. ఆ ధర నీ సైకిల్ అమ్మితే వచ్చే డబ్బుకు దగ్గరగా ఉంటే మాత్రం అమ్మేసి డిస్క్‌కు వెళ్లు, నేను వద్దనను.